గనిలోంచి వచ్చిన గొంతు

గనిలోకి నీళ్లు దూకిన రోజున మా తమ్ముడు ఇడ్రిస్ పైకి రాలేదు. వాడి కోసం ఇంకా తవ్వుతూనే ఉన్నారు.

ఆ వారంలోనే న్యూయార్క్ నుంచి వారెన్ టీల్ అనే యువకుడు నేను పాఠాలు చెప్పే బడికి వచ్చాడు. వార్తలను నాటకంలా వినిపించే రేడియో కార్యక్రమంలో నటుడట. శుక్రవారం ఇడ్రిస్ వేషం అతనిది. మనిషి ఎలా మాట్లాడేవాడో కనుక్కుని, అచ్చం అలాగే పలకడం వాళ్ల పద్ధతి.

"మాట్లాడేవాడు కాదు, మాట్లాడతాడు. మా వాడు పోలేదు," అన్నాను.

అతను టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "స్క్రిప్టులో పోయాడండీ."

వెళ్లిపొమ్మన్నాను. వెళ్లి వానలో నిలబడ్డాడు.

అమ్మ ఆ కార్యక్రమం వినక మానదు. అందులో మాట్లాడేది నటులని ఎంత చెప్పినా నమ్మదు. కొడుకు చావు ఆ పెట్టెలోంచి వింటే తట్టుకోలేదని నా భయం. అతన్ని లోపలికి పిలిచి ఆ మాటే చెప్పాను. చనిపోయేటప్పటి మాటలు పలకనని ఒప్పుకున్నాక తమ్ముడి యాస నేర్పాను.

"అలా సాగదీయకండి. మా వాడు సగం మాట మింగేస్తాడు."

"మీ దగ్గర చదివే పిల్లలు పాపం, టీచరుగారూ," అన్నాడు.

నవ్వాను. నవ్వినందుకు సిగ్గేసింది.

శుక్రవారం సాయంత్రం రేడియోలో నీళ్ల హోరు, దాని వెనక ఇడ్రిస్ గొంతు. అచ్చం వాడిదే. చనిపోవాల్సిన చోట వారెన్ నోరు విప్పలేదు. కాసేపు నీళ్ల చప్పుడే మిగిలింది. తర్వాత హడావుడిగా బ్యాండు అందుకుంది.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "విన్నావుటే ఓల్వెన్? బతికే ఉన్నాడు."

నేను భయపడింది ఒకటి. జరిగింది అంతకంటే భయంకరం.

ఆదివారం ప్రార్థన ముగిసి బయటికి వస్తుంటే గని మేస్త్రీ నన్ను పక్కకు పిలిచాడు. ఇడ్రిస్ శవం దొరికింది.

ఇంటి గేటు దగ్గర వారెన్ నిలబడి ఉన్నాడు. ఆ మాటలు పలకనందుకు ఉద్యోగంలోంచి తీసేశారన్నాడు.

"మరి ఇక్కడికెందుకు వచ్చారు?"

"మిమ్మల్ని చూడాలని. మర్యాదగా ఉండే కారణం ఇంకోటి రైల్లో వెతికాను. దొరకలేదు."

తమ్ముడి సంగతి చెప్పాను. అతను నా చెయ్యి అందుకున్నాడు. నేను విడిపించుకోలేదు. అలాగే ఇంటి మెట్లెక్కాం.

వంటింట్లో అమ్మ, గనిలోంచి ఇంటికొస్తాడని ఇడ్రిస్ స్నానానికి నీళ్లు కాస్తోంది. "ఎవరే వచ్చింది?" అని అడిగింది.

ఇద్దరం మెట్ల మీదే నిలబడ్డాం. అమ్మకు ఇంకా చెప్పలేదు.