యాభై దాటని ముల్లు

2087లో భీమిలి శిక్షాభవనానికి వచ్చే సాక్షులకు ముందు ఉప్మా పెట్టి, ఆ తర్వాతే శిక్ష చూపించేవారు. ఖాళీ కడుపుతో చూస్తే కళ్లు తిరుగుతాయని ఆ ఏర్పాటు. ఈమధ్య ఎవరికీ కళ్లు తిరగడం లేదు గాని, ఉప్మా మాత్రం ఆగలేదు.

ఆ భవనానికి ప్రాణం మనస్సాక్షి మాపకం. వాడుకలో కాన్షియెన్స్ మీటర్ అంటారు. క్రూరమైన శిక్ష కూడదని రాజ్యాంగం చెప్పింది. ఏది క్రూరమో చెప్పలేదు. చూసేవాళ్ల గుండె విలవిల్లాడితే అదే క్రూరమని తేల్చింది డాక్టర్ తాయారు. ఆమె చేసిన టోపీలోని న్యూరల్ సెన్సర్లు మెదడులో పుట్టే జాలిని కొలుస్తాయి. పన్నెండుమంది సాక్షుల్లో ఏ ఒక్కరి ముల్లు యాభై దాటినా ఆ శిక్ష అక్కడికక్కడే రద్దు. మొదటి ఏడాదే కొరడా పోయింది, చీకటికొట్టు పోయింది. జనం ఆమెకు చేతులెత్తి దండం పెట్టారు.

కొత్త సాక్షులు మూర్ఛపోయి కొలతలు చెడుతుంటే, వాళ్లకు వారంపాటు పాత శిక్షల వీడియోలు చూపించాలని నియమం పెట్టింది కూడా తాయారే. ఆ వీడియోలన్నీ తనే చూసి ఏరింది, పదకొండేళ్లుగా.

ఇవాళ తెర మీద ఉన్నవాడు ఆమె తమ్ముడు వరదు. నీళ్లు రాని పేట కోసం కంపెనీ గొట్టం పగలగొట్టాడు. ముప్పై రోజులు నిద్రపోనివ్వకపోవడం వాడి శిక్ష. మూడో రోజున కొలత.

పదకొండు ముళ్లూ ఇరవై దగ్గరే ఆగాయి. ఒకాయన ఆవులించాడు కూడా. పన్నెండో సాక్షి రాలేదు.

"ఇంతియాజ్, ఆ టోపీ ఇలా ఇవ్వు."

యంత్రం చూసే ఇంజనీరు ఇంతియాజ్ తటపటాయించాడు. "మీ తమ్ముడు కదండీ మేడం..."

"అందుకేనయ్యా! బంధువులు కూర్చోకూడదని రూల్లో లేదు. ఆ రూలు రాసినదాన్ని, నాకు తెలీదా?"

ఆమె టోపీ పెట్టుకునేసరికి తెర మీద వరదు తల వాలింది. కుర్చీ వాణ్ణి ఒక్క కుదుపు కుదిపింది.

"అక్కా! ఉన్నావా అక్కడ? ఒక్క కునుకే అక్కా... నీ కాళ్లు పట్టుకుంటా, ఒక్క కునుకు!"

తాయారు కళ్లవెంట నీళ్లు జలజలా రాలాయి. హమ్మయ్య, వీడు గట్టెక్కాడు అనుకుంటూ తన ముల్లు వైపు చూసింది.

పంతొమ్మిది.

"మిషను చెడిపోయింది!" అని అరిచింది.

"పొద్దున మీరే సరిచూశారు కదండీ," అన్నాడు ఇంతియాజ్ తల దించుకుని.

"మరి ఈ ఏడుపేమిటి?"

"కన్నీళ్లు లెక్కలోకి రావని మీరే అన్నారు మేడం. అవి అలవాటుగానూ వస్తాయన్నారు."

కంచే చేను మేసింది. ఛీ, నేనేం మనిషిని అనుకుంది తాయారు. ఆ అసహ్యం కూడా పైపైనే ఉంది. లోపల ఎంత వెతుక్కున్నా ఏమీ తగల్లేదు.

శిక్ష క్రూరం కాదన్న కాగితం మీద పన్నెండో సంతకం ఆమే పెట్టింది. తెర మీద వరదు ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. వంటగదిలోంచి పోపు వాసన వచ్చింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదని, తనకు ఆకలేస్తోందని తాయారుకు తెలిసింది.