తిప్పేసిన బల్ల

"ఏం చేస్తుండావు?"

"ఈగలు కడతా ఉండా."

తలుపు బాగుచేయడానికి వచ్చిన మాల్యాద్రి చేతిలో సుత్తి అట్లాగే ఆగిపోయింది. "పని లేక ఈగలు తోలుకునేవాళ్లని చూసినా గానీ, ఈగలు కట్టేవాళ్లని ఇప్పుడే చూస్తుండా!"

వరండాలో నేలమీద, బోర్లించిన చెక్కపెట్టె ముందు కూర్చున్న నాగులు చురుక్కున తలెత్తింది. పెట్టె అంచుకి చిన్న ఇనప బిగింపు, దాని నోట్లో ఒక గాలం, గాలానికి సగం చుట్టిన కోడి ఈక.

"నీళ్ల మీద నిజం ఈగ వాలిందనుకోని చేప మింగాల. నీలగిరి కొండల్లో ఇట్టాగే పడతారంట. సమాధానంగారికి చూపు ఆనక నాచేత కట్టిస్తుండాడు. తెలిసిందా?"

"తెలిసింది తల్లీ. ఆ మేకు ఇట్టియ్యి."

ఇచ్చింది.

"ఎడంచేత్తో ఇస్తావేంది? ఇంట్లో ఎవురూ నేర్పలేదా?"

హాస్యానికే అన్నాడు. నాగులు చెయ్యి వెనక్కి లాక్కుని, మేకు కుడిచేతిలోకి మార్చుకుని ఇచ్చింది. ఆ మొహం ఎందుకు వాడిపోయిందో చూడాల్సిన మహానుభావుడు తలుపు బందు వైపు చూశాడు. వ్యవహారమంతా అక్కడే చెడింది.

సమాధానంగారు బిట్రగుంట రైల్వే కాలనీలో ఉంటున్న రిటైరైన ఇంజను డ్రైవరు. ఎప్పుడో ఒక తెల్లదొర దగ్గర ఈ విద్య నేర్చుకున్నాడు. నాగులు సముద్రపు ఒడ్డు పల్లెలో వలలు అల్లే గంగులయ్య కూతురు. ఆ వేళ్లకి ముడి తెలియనిది లేదని గురువుగారి నమ్మకం. ఇక రైల్వే వడ్రంగి మాల్యాద్రి సంగతి చెప్పాలా? ఆ రోజు మొదలు సమాధానంగారి ఇంట్లో ఏదో ఒక తలుపు చెడుతూనే ఉంది.

వెళ్లినప్పుడల్లా చూసేవాడు. దారం మెల్లగా చుట్టేది, ముడి జారిపోయేది. మళ్లీ చుట్టేది. మెడ పట్టుకుని కళ్లు మూసుకునేది. వేళ్లు అంత గొప్పవైతే ముడి ఎందుకు జారుతోంది? లోపం కూర్చునే తీరులో ఉందని వడ్రంగి బుర్ర తేల్చింది.

"లేచి ఈ స్టూలు మీద కూర్చో. కొలత తీసుకోవాల."

"స్టూలుకా, నాకా?"

"నీకే. మోచెయ్యి ఎంత ఎత్తున ఉందో బల్ల అంత ఎత్తునుండాల. లేకుంటే మెడ వంగతాది."

"పెళ్లిచూపుల్లో గూడా ఇన్ని కొలతలు అడగరు," అంది నాగులు, నవ్వు దాచుకుంటూ.

కొలబద్ద మీద గీత పెట్టబోయిన మాల్యాద్రి పెన్సిలు జారి పడింది.

నెలరోజులు బల్ల మీదే ప్రాణం పెట్టాడు. ముందుకు వంగక్కర్లేకుండా అంచు నెలవంకలా తీశాడు. కాళ్ల కింద వాలుపలక. కళ్లు లాగకుండా గాలం వెనక తెల్ల రంగు వేసిన చెక్క. ఈకల ముక్కలు పడటానికి కింద గుడ్డసంచి. బిగింపు ఎడమన, దారాలు కుడిన. ముందుగదిలో గుమ్మానికి ఎదురుగా, కిటికీ వెలుగు ఎడమవైపు నుంచి పడేలా బల్ల వేశాడు. అందులో కొంచెం స్వార్థమూ ఉంది. అట్లా కూర్చుని తలెత్తితే అతను పనిచేసే ఇంజన్ల షెడ్డు నుంచి వచ్చే దారి కనిపిస్తుంది. అంటే మాల్యాద్రి కనిపిస్తాడు.

"బాగుందా?"

"బాగుంది," అంది నాగులు. గొంతు మాత్రం బావిలోంచి వచ్చినట్టు వచ్చింది.

మూడో రోజు సాయంత్రం షెడ్డు నుంచి వస్తూ చూశాడు. మొహం లేదు. జడ ఉంది. బల్లని ఎదురుగోడ వైపు తిప్పేసింది.

నాలుగో రోజూ జడే. పదిరోజులూ జడే.

నా మొహం చూడటం ఇష్టం లేదు, అంతే కదా, అనుకున్నాడు. అడగొచ్చు కదయ్యా, నోరు లేదా అంటే, మేకు అడగడానికున్న నోరు మాల్యాద్రికి దీనికి లేకపోయింది. అన్నం సయించలేదు. రంపం పట్టుకుంటే చెక్క వంకర తెగింది. ఇక ఈ ఊరు వద్దు దేవుడా అని, తానే అర్జీ పెట్టుకుని అరక్కోణానికి బదిలీ తెచ్చుకున్నాడు.

వెళ్లేరోజు జోరున వాన. ఎక్కాల్సిన బండికి ఇంజను మారుస్తున్నారు, అరగంట టైముంది. బల్ల దగ్గర స్క్రూడ్రైవరు మర్చిపోయానని తనకు తానే సాకు చెప్పుకుని, చెప్పులు చేత పట్టుకుని వరండా ఎక్కి గుమ్మంలో నిలబడ్డాడు. వాన చప్పుడులో నాగులు వినలేదు.

దారం గిరగిరా తిరుగుతోంది. ముడి చిటికెలో పడింది, జారలేదు. దారం పట్టింది ఎడంచెయ్యి. వెలుగు కుడివైపు నుంచి పడుతోంది.

మాల్యాద్రి చెప్పులు కింద పెట్టాడు. "నాగులూ... నీది పుర్రచెయ్యా?"

ఉలిక్కిపడి చెయ్యి కొంగులో దాచుకుంది. "పోయినేడు చూసుకోని పోను వచ్చినోళ్లకి ఈ చేత్తోనే తాంబూలం అందించినా. లేచిపోయినారు. నువ్వూ మొదటిరోజే అంటివి గదా. అందుకని నీ ముందర కుడిచేత్తోనే కట్టినా. నువ్వు పోయినాక విప్పి మళ్లీ కట్టుకునేదాన్ని."

"బల్ల తిప్పేస్తే నా మొహం చూడకూడదనుకున్నా!"

"వెలుగు కోసం తిప్పినా, ఎడంచేత్తో కడితే ఆ చేతి నీడే గాలం మీద పడతా ఉండె. నువ్వు చేసింది తప్పని ఏ నోటితో చెప్పేది? ఇటు తిరిగి కూర్చోని రోజూ నీ అడుగుల చప్పుడు కోసం వింటా ఉండా. నువ్వే లోపలికి రావడం మానేసినావు."

"బదిలీ నేనే అడిగి తెచ్చుకున్నా నాగులూ," అన్నాడు. "నువ్వంటే ప్రాణం. ఆ మాట చెప్పడం చేతగాక బల్ల చేసినా. దాన్ని గూడా తప్పుగానే చేసినా."

స్టేషను వైపు నుంచి కూత వినిపించింది. నాగులు కళ్ల నిండా నీళ్లు. "పోయేటప్పుడా చెప్పేది?"

"ఆర్నెల్లకి గానీ లీవు ఇయ్యరు. రాంగానే మీ నాయన్ని అడగతా. అందాకా నాకోసం ఉంటావా?"

ఆర్నెల్లలో ఇంట్లోవాళ్లు ఏ సంబంధం తెస్తారో ఆమె చేతిలో లేదు. బిగింపు వదులు చేసి, అప్పుడే కట్టిన ఈగని తీసి ముందుకు చాపింది. చాపింది కుడిచెయ్యి, అలవాటుగా.

"అది కాదు," అన్నాడు మాల్యాద్రి.

నాగులు తన చెయ్యి చూసుకుంది. ఈగని ఎడంచేతిలోకి మార్చుకుని ఇచ్చింది.

అతను రెండు చేతులా తీసుకున్నాడు.