ఏడుపు దోషం కాదు

అరుణపురిలో మనుషులు ఎదురుపడితే "బాగున్నారా" అని అడగరు. "ఇవాళ మీ ఊపిరి ఏ రాగం?" అని అడుగుతారు.

అంగారకుడి మీద గాజు గుమ్మటం కింద ఉన్న ఆ ఊళ్లో ప్రతి మనిషీ రొమ్ముకు ఒక మెత్తటి పట్టీ కట్టుకుంటాడు. దాని పేరు శ్వాసగీతి. అందులోని సెన్సర్లు పక్కటెముకల కదలికనూ, గుండె లయనూ కొలుస్తాయి. వాటిని బట్టి అది అప్పటికప్పుడు ఒక సంగీతం కట్టి, ఎముకల గుండా చెవికి చేరవేస్తుంది. ఆ సంగీతం మనిషి ఊపిరి కంటే రవ్వంత నెమ్మదిగా నడుస్తుంది. ఊపిరి దాని వెంటే పోతుంది. నిశ్వాసం సాగుతుంది, మనసు కుదుటపడుతుంది, ఆ కుదురులోంచి కొత్త ఊహలు పుడతాయి. ఇంజనీర్లు పాటలు కట్టారు. వంటవాళ్లు ఎండబెట్టిన నాచుతో పచ్చడి కనిపెట్టారు. అలాంటి ప్రతి ఊహకూ సృజన సూచికలో మార్కు పడుతుంది. పైగా నెమ్మదిగా పీల్చేవాళ్లకు గాలి ఖర్చు తక్కువ. అందుకే పట్టీ లేనివాళ్లకు ఏ తలుపూ తెరుచుకోదని పాలకమండలి నియమం పెట్టింది.

దాన్ని తయారుచేసిన డాక్టర్ కోరాడ హైమ ప్రయోగశాలకు ఒక ఉదయం అసిరమ్మ వచ్చింది. కూరమళ్ల హాల్లో నారు పోసే మనిషి. ముందురోజే మంచుగనిలో గాలితలుపు రబ్బరు ఊడిపోయి, గాలంతా బయటికి పోయి ఆమె కొడుకు దాలినాయుడు చనిపోయాడు. సాయంత్రం మట్టి చేయాలి.

"డాట్రమ్మా, ఇది తీసెయ్యి. నాకు ఏడుపు రానేదు."

"అమ్మా, కాస్త తేలికపడాలనే కదా అది..."

"తేలిక ఎవులడిగినారు నిన్ను? ఈ బరువు నాది. నోరు తెరిస్తే సాలు, లోపల్నుంచి ఏటో జోలపాట ఎత్తుకుంటాది. గొంతు మెత్తబడిపోతాది. కొడుకు సచ్చిపోతే జోలపాట పాడాలా నాను?"

హైమ తెర మీద అసిరమ్మ పట్టీ లెక్కలు తెరిచింది.

"మా కాడ మనిషి పోతే రాగం తీసి ఏడుస్తాం. ఆడెలా బతికినాడో సెప్తాం. ఎవులు అన్నేయం సేసినారో అడుగుతాం. ఏడిసేదాని నోరు ఎవులూ ముయ్యకూడదు, అది కట్టుబాటు. ఊరి పెదనాయుడైనా తలొంచుకుని ఇనాల. నీ మిసను మూసేసినాది."

అసిరమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. హైమ పట్టీలన్నిటినీ నడిపే యంత్రాన్ని నిలదీసింది.

"ఏడుపును ఎందుకు ఆపుతున్నావు?"

"వెక్కిళ్లతో తెగిపోయే ఊపిరి శ్వాసదోషం. దోషం కనిపిస్తే సరిదిద్దమని మీరే నేర్పారు డాక్టర్."

నిజమే. యంత్రానికి నేర్పడానికి హైమ గాయకులను కూర్చోబెట్టింది, ప్రాణాయామం చేసేవాళ్లను కూర్చోబెట్టింది. ఏడ్చేవాళ్లను పిలవాలని ఆమెకు తోచలేదు.

"దోషాల్లోంచి దాన్ని తీసెయ్."

"తీసేశాను. మరి ఏడుపు వినిపిస్తే నేనేం వాయించాలి?"

"ఏమీ వాయించకు. నోరు మూసుకుని విను. గాలి సరిపోతుందా?"

"సరిపోతుంది. పోయిన వారం పాలకమండలి డైరెక్టర్ గారి ఉపన్యాసానికి ఇంతకంటే ఎక్కువే ఖర్చయింది."

సాయంత్రం ఎర్రమట్టి గుంత చుట్టూ జనం నిలబడ్డారు. అసిరమ్మ కొడుకు తల దగ్గర కూలబడింది. పట్టీ పలకలేదు. ఆమె ఛాతీ ఒక్కసారి ఎగిరిపడింది. గొంతు చీల్చుకుని రాగం వచ్చింది.

"నా బంగారు నాయినా దాలీ...
మంచు కోసి ఊరందరికీ నీల్లిచ్చినావు నాయినా
నీ నోట్లో సుక్క పొయ్యనేకపోయినాన్రా నాయినా
తలుపు రబ్బరు సీకిపోనాదని సెప్పినావు నాయినా
సెప్పినోడు మట్టిలో ఉన్నాడు
ఇన్నోడు కుర్సీలో ఉన్నాడు నాయినా..."

గని కూలీల ఊపిరి వెక్కిళ్లతో తెగింది. ఒకరి తర్వాత ఒకరి పట్టీ ఆగిపోయింది. డైరెక్టర్ వెంపటి శశిధర్ హైమ పక్కకు వచ్చి పళ్లు బిగించి అన్నాడు.

"వెంటనే ఆన్ చేయండి."

"చేయను సార్."

"వచ్చే ఓడలో మిమ్మల్ని భూమికి పంపించేస్తాను."

"పంపించండి. కట్టుబాటు ప్రకారం ఇప్పుడు మాత్రం మీరు తల వంచుకుని వినాలి."

అంతమంది చూస్తుండగా ఆయనకు తల వంచక తప్పలేదు.

ఇక ఊరు ఊరుకోదనీ, తెల్లారేసరికి జనం రబ్బరు సంగతి అడుగుతారనీ హైమ అనుకుంది. పొద్దున్నే ఆమె తెర నిండా విన్నపాలు ఉన్నాయి. అయితే రబ్బరు గురించి ఒక్కటీ లేదు.

"నిన్నటి ఆ ఏడుపు మా పట్టీలో పెట్టగలరా? పడుకునే ముందు వినాలని ఉంది." "కాస్త నెమ్మది చేస్తే ఇంకా హాయిగా ఉంటుంది." "వేణువు కలపండి."

డైరెక్టర్ కూడా స్వయంగా వచ్చాడు. ముఖమంతా నవ్వే.

"సృజన సూచికలో ఇంత మార్కు ఇంతవరకూ ఎవరికీ రాలేదు, తెలుసా? ఆమెకు సన్మానం చేద్దాం. మీరూ ఇక్కడే ఉండండి. ఆ కుర్చీ లైను ఒక్కటీ తీసేసి అందరికీ వినిపించండి."

హైమ కూరమళ్ల హాల్‌కు వెళ్లి సంగతి చెప్పింది. అసిరమ్మ నారు మడిలోంచి చెయ్యి తియ్యలేదు.

"సన్మానమా? ఆడి సాలువా ఆణ్నే కప్పుకోమను. నా కొడుకు కోసం ఏడిసినాను, ఆళ్ల నిద్దర కోసం కాదు. ఆళ్లకి ఏడుపొస్తే ఆళ్లనే ఏడవమను. ఇంతకీ రబ్బరు మార్సినారా?"

"లేదమ్మా."

"మరి ఏటి సేస్తావు?"

హైమ ప్రయోగశాలకు తిరిగివచ్చి తలుపు లోపలి నుంచి గడియ పెట్టింది.

"ఊళ్లో అన్ని పట్టీల్లోనూ సంగీతం ఆపెయ్," అంది యంత్రంతో. "తలుపులు మాత్రం ఎప్పటిలాగే తెరుచుకోవాలి. గనిలో కొత్త రబ్బరు పడి, తలుపు గాలి బిగువు నువ్వు కొలిచి సరే అనేదాకా ఒక్క స్వరం కూడా వినిపించకు."

"అడిగినవాళ్లకు ఏం చెప్పను?"

"రబ్బరు అని చెప్పు."

ఊరందరి చెవుల్లోనూ పాట ఉన్నట్టుండి మూగబోయింది. కాసేపటికి తలుపు మీద దబదబా చప్పుడు. బయట డైరెక్టర్ రొప్పుతున్నాడు.

"హైమా! నా పట్టీలో ఏమీ రావడం లేదు. ఏదో బుసబుసమంటోంది, అంతే. ఏమిటీ రొద?"

"అది మీ ఊపిరే సార్. రబ్బరు మార్చేదాకా దాన్నే వినండి."