మూలకొక అదనపు రివెట్

స్పిరిట్ దీపం మీద ప్లాస్టిక్ రేకు మెత్తబడి నడుమ కొద్దిగా జారింది. తెక్లమ్మ మూడు వరకు లెక్కపెట్టి చెక్క అచ్చును అందులోకి నొక్కింది. అచ్చు తీసేసరికి చిటికెన వేలి గోరంత అద్దపు బుడగ మిగిలింది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూసింది. గీత లేదు, మసక లేదు. శ్యేనకం విమానపు ముక్కు కింద, బాంబుకు గురిచూసే గురికాడి మోకాళ్ల ముందు అమరవలసిన కిటికీ అది. యుద్ధానికి వెళ్లిన ఏ శ్యేనకానికీ ఆ కిటికీ లేదు.

‘ఇలా జరిగి ఉంటే’ అన్నదాన్ని చెక్కి చూపే తెక్లమ్మ వంటి యదిశిల్పుల బల్ల మీద కంప్యూటర్ తెరలు నిషిద్ధం. యంత్రాలు దేన్నైనా అచ్చంగా కల్పించేసిన మహానకిలీ తరువాత ఛాయాచిత్రం, గొంతు, దస్తావేజు ఏవీ సాక్ష్యంగా చెల్లలేదు. చేతితో చెక్కినదీ, కొలతకు నిలిచినదీ మాత్రమే న్యాయమండలి నమ్ముతుంది. అందుకే ప్రతి వ్యాజ్యానికీ రెండు రూపాలు: జరిగినది ఒకటి, జరిగి ఉండగలిగినది ఒకటి. నలభై ఎనిమిదో వంతు కొలతలో చేసిన ఆ రెండు విమానాలనూ పరీక్షాశాల కప్పుకు వేలాడదీస్తారు. ఈ వ్యాజ్యంలో ఆరు మీటర్ల కింద నేల మీద, శ్యేనకం బాంబు వేసిన మడులపేట పరిచి ఉంటుంది: తెల్లటి ఉప్పు మడులు, గట్లు, గట్ల మీద పదకొండు మంది పిల్లలు. తీర్పు చెప్పే యంత్రం ధర్మదర్శి తన కంటిని గురికాడి ఆసనంలో నిలిపి రెండుసార్లు కిందికి చూస్తుంది. తరువాత ఆ చావులు తప్పించగలిగినవో కావో, నివార్యమో అనివార్యమో చెబుతుంది.

పనిగది కిటికీ అవతల నూకాలు వచ్చి నిలబడింది. ఎనిమిదేళ్లుగా ప్రతి నెలా మొదటి సోమవారం వస్తోంది. ఆ రోజు చనిపోయిన పదకొండు మందిలో ఒకరు ఆమె కూతురు పైడితల్లి.

“అద్దం అయిందా అమ్మగోరూ?”

“అయింది. రేపు పరీక్ష.”

“ఓపాలి సూపించండి.”

తెక్లమ్మ బుడగను ఆమె అరచేతిలో పెట్టింది. నూకాలు దాన్ని అటూ ఇటూ దొర్లించింది.

“ఇంతేనా? దీనికా ఇన్నేళ్లు తిప్పినారు? మా కోడి పెట్టిన గుడ్డు దీనికన్నా పెద్దది.”

“అసలుది మూరెడు ఉంటుంది.”

“మూరెడు సాలదేటి? తెల్లటి ఉప్పులో పసుప్పచ్చ గౌను. నానైతే ఊరవతల నుంచి గుర్తుపడతాను.” ఆమె బుడగను జాగ్రత్తగా తిరిగి ఇచ్చింది. “నాకు కాయితం వొద్దమ్మా. ఒక మనిసి కావాల. నా ఎదుట కూకోని, నాను సేసినాను అనాల. అంతకు మించి ఏటీ అడగను.”

తెక్లమ్మ లోపలికి వెళ్లి టీ తెచ్చి ఇచ్చింది. ఎనిమిదేళ్లుగా ఆమె చేయగలిగింది అదొక్కటే.

మధ్యాహ్నం పర్యవేక్షకుడు చిదంబరరావు ఒక ఇనుప పళ్లెం తెచ్చాడు. వైమానిక దళం ఇన్నాళ్లకు ఒక అసలు పలకను అప్పగించింది. కిటికీని మూసిన అల్యూమినియం పలక. గురికాడు వేడిమితెర చూస్తే చాలు, అద్దం దండగ బరువు అని యుద్ధం మొదట్లో ఎవరో తేల్చారు. వేడిమితెరలో మనుషులు చుక్కలుగా కనబడతారు. చుక్కకు వయసు ఉండదు, గౌను ఉండదు. ఇంతకు ముందు శ్యేనకాల వ్యాజ్యాలన్నీ కొలతల పట్టీని బట్టే కట్టారు. పలకను కళ్లారా చూడడం తెక్లమ్మకు ఇదే మొదలు.

సూదిమొనతో మొదటి రూపం మీద రివెట్ల గుర్తులు పెట్టడానికి ఆమె భూతద్దం దించుకుంది. పక్కకు ఎనిమిది. మూలలు గుండ్రంగా తిప్పి ఉన్నాయి. మూలకొకటి, లోపలి వైపుగా, ఒక రివెట్ ఎక్కువ.

ఆమె చేతిలోని సూది ఆగిపోయింది.

కాన్వెంటు కుట్టుతరగతిలో సిస్టర్ బెర్క్‌మాన్స్ బెత్తం పట్టుకుని నేర్పిన పద్ధతి అది. మాసిక మూలలు గుండ్రంగా తిప్పాలి, చిరుగు మొదలయ్యేది మూలలోనే గనుక అక్కడ ఒక కుట్టు లోపలికి ఎక్కువ వేయాలి. యుద్ధకాలంలో తెక్లమ్మ విమాన కర్మాగారంలో నక్షాలు గీసేది. రోజుకు నలభై గీతపటాలు. ఏది ఏ యంత్రానికో ఎవరూ చెప్పరు, పటం మీద పేరు ఉండదు, నంబరే. ఇంత పొడవు, ఇంత వెడల్పు రంధ్రం, మూయవలెను అని ఒక చీటీ వచ్చేది. రంధ్రం వెనుక ఏముందని ఆమె అడగలేదు. చక్కగా మూసింది. ఒక పలకకైతే, ఎన్ని వేల గంటలు ఎగిరినా మూల పగలలేదని, మెచ్చుకోలు కూడా వచ్చింది.

ఆమె భూతద్దం తీసి ముఖం తుడుచుకుంది. ఆ తరువాత ఒక్కొక్క మూలలో ఒక్కొక్క రివెట్ గుచ్చడం మొదలుపెట్టింది.

“మూలవి వదిలేయండి తెక్లమ్మగారూ,” అన్నాడు చిదంబరరావు. “పట్టీలో లేవు.”

“పలక మీద ఉన్నాయి.”

“ధర్మదర్శికి కిటికీ కావాలి గానీ రివెట్లెందుకండీ?”

“ఈ పలక గీసింది నేను.”

అతడు వెనక్కి చూసి తలుపు దగ్గరగా వేశాడు. “ఆ మాట ఇక్కడే వదిలేయండి. రేపు నివార్యమనే వస్తుంది, ఆవిడ గెలుస్తుంది. తీర్పులో బాధ్యుల గడిలో పేరు లేదు కనుక ఎవరి తప్పూ కాదు, పరిస్థితి దోషమని రాసి మూసేస్తారు. ఎప్పుడూ జరిగేదే. మీరు ఎవరో ఇచ్చిన కొలతకు గీత గీశారు. అంతేగా?”

“ఆ ‘అంతేగా’ కిందే నాలుగు వందల పన్నెండు వ్యాజ్యాలు పాతిపెట్టాం.”

“కొలత ఇచ్చినవాళ్లు హాయిగా ఉన్నారు. మీరొక్కరే జైలుకు పోతారు. ఈ వయసులో.”

“పైడితల్లికి అప్పుడు తొమ్మిదేళ్లు,” అంది తెక్లమ్మ. “నా పేరు పడితే, ఆ కొలత ఎవరిచ్చారని నన్ను అడగక తప్పదు. గడి ఖాళీగా ఉన్నంతకాలం అడగడానికి మనిషే లేడు.”

చిదంబరరావు తలుపు తెరుచుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఆమె చివరిగా చేసిన పని ఇరవై ఆరు మిల్లీమీటర్ల బొమ్మకు పసుపు రంగు వేయడం. గౌను అంచు దగ్గర రంగు గీత దాటింది. తుడిచి మళ్లీ వేసింది.

మరునాడు ధర్మదర్శి, వేడిమితెర ఒక్కటే ఉన్న మొదటి రూపంలోంచి చూసి పలికింది: “చుక్కలు పదకొండు.” కిటికీ ఉన్న రెండో రూపంలోంచి చూసింది. “పిల్లలు పదకొండు మంది. ఒకరి గౌను పసుపు. నివార్యం.”

బల్ల వెనుక నూకాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇక మిగిలింది శిల్పి ప్రమాణపత్రం. రూపంతో సరిచూడగల రాత కనుక యంత్రం నమ్మే రాత అదొక్కటే. ‘ఈ రూపం నా చేతిది’ అన్న వాక్యం కింద తెక్లమ్మ ఇంకొకటి రాసింది: ‘అసలు పలక గీసిన చెయ్యీ ఇదే. మూలకొక రివెట్ సాక్షి.’

ధర్మదర్శి కన్ను పలక మీదికి వెళ్లింది, రూపం మీదికి వచ్చింది, మళ్లీ పలక మీదికి వెళ్లింది.

“మూల తిప్పిన తీరు ఈమె పాత రూపాలలోనూ ఇదే. చెయ్యి ఒకటే. బాధ్యుల గడి నిండినది. పరిస్థితి దోషం చెల్లదు. ఇదే పలక గల వ్యాజ్యాలు నాలుగు వందల పన్నెండు తెరువబడినవి. కొలత ఇచ్చినవారి పేర్లు చెప్పవలెను.”

చిదంబరరావు గోడవారగా ఉన్న బల్ల మీద కూలబడ్డాడు.

తెక్లమ్మ శిల్పుల వరుసలోంచి లేచి, నడచి వెళ్లి నూకాలు ఎదుట కూర్చుంది. నూకాలు ఆమె ముఖం కేసి చూడలేదు. ఒళ్లో ఉన్న ఆ చేతుల కేసి చూసింది. ఎనిమిదేళ్లు టీ అందించిన చేతులు.

“కాయితంలో రాసినావంట,” అంది చివరకు. గొంతులో గౌరవం లేదు, కోపం కూడా ఇంకా రాలేదు. “నాకు సదువు రాదు. నీ పేరేటి? నోటితో సెప్పు.”

“తెక్లమ్మ. నేను చేశాను.”

పసుపు గౌను బొమ్మ మడి గట్టు మీద నిలబడే ఉంది. నూకాలు దానివైపు తిరిగి, అది కూడా వినాలన్నట్టు, మెల్లగా అంది.

“ఇంకోపాలి సెప్పు.”