క్లిఫ్ బూడిద కలిపిన ఎర

అక్టోబరులో ఇంగ్లండులోని సెవెర్న్ నది ఒడ్డున గాలం వేసుకుని కూర్చోవాలంటే ఓపిక ఉండాలి. రాలిన ఆకులు కొట్టుకొచ్చి దారానికి చుట్టుకుంటాయి. తీసి విదిలించి మళ్ళీ వేస్తే మళ్ళీ చుట్టుకుంటాయి. ఆ రోజు నాకు ఆ ఓపిక లేదు. వేసవంతా మంచాన పడ్డ నా స్నేహితుడు క్లిఫ్ పక్కన, నేనూ, వాడి భార్య మేవిసూ వంతులేసుకుని మేలుకున్నాం. వాడు పోయాకైనా నిద్ర పడుతుందనుకున్నాం గానీ ఇద్దరికీ పట్టలేదు.

క్లిఫ్ ఆఖరి కోరిక మా గాలాల వాళ్ళలో చాలామంది కోరేదే. తన బూడిదని ఎరలో కలిపి, తనెప్పుడూ కూర్చునే చోటే ఏట్లో వెయ్యాలి. బకెట్లో రొట్టెపొడి, ఉడికించిన గింజలు పోసి మేవిస్ తన చేతులతోనే కలిపింది.

"కాస్త నీళ్ళు చిలకరించు నార్మన్. ముద్దకి రావట్లేదు ఈయన."

"బతికున్నప్పుడు మాత్రం చెప్పిన మాట విన్నాడా?"

నవ్వింది. "నాకంటే ఆ మీసాల బార్బెల్ చేపలకే ఎక్కువ ముద్దులు పెట్టాడు. ఇప్పుడు వాటికే ఫలహారం అవుతున్నాడు. పోనీలే. నాకు ఒళ్ళు తెలీకుండా నిద్రపోవాలనుంది. ఇంకేం వద్దు."

ముద్దలన్నీ విసిరేశాం. పొగమంచు అవతలి ఒడ్డుని మింగేసింది. కుళ్ళిన ఆకుల వాసన, బురద వాసన. వెళ్దామని లేస్తుంటే మేవిస్ క్లిఫ్ గాలం కర్ర నా చేతిలో పెట్టింది.

"ఒక్కసారి వెయ్యి. ఆయన పేరు మీద."

బూడిద వేసిన చోట ఆ రోజు గాలం వెయ్యకూడదని మాలో పట్టింపు ఉంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు. వాదించే శక్తి లేక వేశాను.

దారం ఇంకా బిగుసుకోనేలేదు, కర్ర వంగిపోయింది. పెద్ద బార్బెల్. వలలోకి వచ్చేసరికి చేపా అలిసింది, నేనూ అలిశాను. కొక్కెం తీశాను. అలిసిన బార్బెల్‌ని అలాగే వదిలేస్తే వెల్లకిలా తిరిగి చచ్చిపోతుంది. రెండు చేతుల్లో పట్టుకుని, ఏటి వాలుకి ఎదురుగా తల పెట్టి ఉంచాలి. సత్తువ రాగానే అదే తోక విదిలించి పోతుంది.

పట్టుకున్నాను. అది పోలేదు.

చేతులు నీళ్ళలో కొయ్యబారిపోయాయి. వదిలితే వెల్లకిలా పడుతుంది. మళ్ళీ పట్టుకుంటాను. అప్పుడు తెలిసింది... ఏట్లో చేప ఏరంత చల్లగా ఉండాలి. ఇది వెచ్చగా ఉంది. జ్వరం తగిలిన మనిషి ఒళ్ళులా.

"మేవిస్..." అన్నాను.

ఆమె పక్కన మోకాళ్ళ మీద కూలబడి చేప కింద చేతులు పెట్టింది. ఆ వెచ్చదనం తెలియగానే ఆమె మొహం పాలిపోయింది. నాకు భయం వేసింది. ఆమెకి భయం కాదు, విసుగు వచ్చింది. వేసవంతా నేను చూసిన విసుగే.

"వెళ్ళు క్లిఫ్," గొణిగింది. "నా వల్ల కాదిక. వెళ్ళిపో..."

చీకటి పడుతోంది. నీళ్ళు ఆమె తొడల దాకా వచ్చాయి. కారులో ఉన్న టార్చిలైటు కోసం పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి ఆమె గట్టు మీద నిలబడి ఉంది. తడిసిన కోటు చుట్టచుట్టి గుండెకి హత్తుకుని ఉంది.

"పోయాడా?"

తలూపింది. హమ్మయ్య అనుకున్నాను. కోటు వెనక సీట్లో పడెయ్యమంటే వినలేదు. దారంతా ఒళ్ళోనే పెట్టుకుంది. దాన్నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆమెని ఇంటి దగ్గర దింపి నా ఇంటికి వచ్చేశాను.

టీ తాగాక, ఏమైనా తిందో లేదో కనుక్కుందామని ఫోన్ చేశాను.

"మెల్లగా నార్మన్," గుసగుసగా అంది. "స్నానాల తొట్టిలో పడుకోబెట్టాను. ఇప్పుడే కళ్ళు మూశాడు."

"మేవిస్... అది చేప. చేపకి రెప్పలుండవు. ఎలా మూస్తుంది?"

అటువైపు లోపలెక్కడో నీళ్ళు కదిలాయి.

"చూశావా, లేపేశావు..." నిట్టూర్చింది. "ఇక ఈ రాత్రి కూడా నాకు నిద్ర లేనట్టే." తర్వాత నాతో కాకుండా అటు తిరిగి, "వస్తున్నా, వస్తున్నా..." అంది.

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. ఆమె చెప్పులు ఈడ్చుకుంటూ దూరమయ్యాయి.

పెట్టేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. కాసేపటికి అడుగులు తిరిగి వచ్చాయి... చెప్పులు కాదు. తడి కాళ్ళు. ఒక్కో అడుగూ నేలకి అతుక్కుని ఊడి వస్తోంది.

ఫోన్ దగ్గరికి వచ్చి ఆగాయి.