మాణిక్యం అభ్యంతరం

రండి, దగ్గరికి జరగండి. ఆ వెనక గుసగుసలు ఆపండమ్మా! ఇది కోపంగల పిల్ల కథ. తన కథ చెబుతుంటే ఎవరైనా మాట్లాడారని తెలిస్తే నన్నూ మిమ్మల్నీ కలిపి తిడుతుంది.

మాణిక్యం చల్లపల్లి బజార్లో చేపలమ్మేది. ఆమెకి కోపమొస్తే గంపలో పచ్చిచేపలు అక్కడికక్కడే ఎండుచేపలైపోయేవి. సత్యదానం విజయవాడలో బైబిల్ ట్రైనింగ్ అవుతున్న కుర్రాడు. సెలవులకి ఊరొచ్చి మొదటిసారి బేరమాడినప్పుడే ఆమె అతని తెల్ల ప్యాంటు మీద చేపలు కడిగిన నీళ్ళు కుమ్మరించింది. ప్యాంటు వాసన వారానికి పోయింది. పిల్ల మాత్రం మనసులోంచి పోలేదు.

అతని తల్లి అమలమ్మకి ఆ పిల్ల నోరంటే హడల్. కొడుకు బతిమాలగా బతిమాలగా ఊ అంది.

వాళ్ళ చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు పేర్లు చదివి, "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడుగుతారు. ఎవరూ నోరెత్తరు. పెళ్ళిభోజనం ఎవడు పోగొట్టుకుంటాడు?

మూడో ఆదివారం ప్రసంగం సత్యదానానిదే.

"హెబ్రీ భాషలో బాధపడినవాడు 'అనీ'. వినయం గలవాడు 'అనావ్'. రెండూ ఒకే వేరులోంచి పుట్టాయండీ. మన మాణిక్యాన్ని చూడండి! తొంభైలో తుఫానొచ్చి వాళ్ళ నాన్న పడవని పట్టుకుపోయింది. ఆ కష్టం ఈ పిల్లని ఎంత అణకువగా మార్చిందో!"

అని తల్లివైపు చూసి నవ్వాడు. ఆడవాళ్ళవైపు మాణిక్యం కూర్చున్న చాప పొగలు కక్కింది.

పాస్టరయ్యగారు పేర్లు చదివి, అలవాటుగా అడిగారు. "ఎవరికైనా అభ్యంతరమా?"

"నాకుందండీ!"

సీలింగ్ ఫ్యాన్ తిరగడం మానేసి చూసింది.

"పెళ్ళికూతురివి నువ్వే కదమ్మా!"

"అందుకేనండీ. ఈయన చెప్పిన అణకువ పిల్లెవరో, ఆవిణ్ణే చేసుకోమనండి. ఏమయ్యా, పడవ పోతే నాకొచ్చింది అణకువా? ఏడుపొచ్చింది. కోపమొచ్చింది. మీ అమ్మ ముందు నన్ను మెత్తగా చూపించడానికి మా తుఫానే దొరికిందా నీకు?"

సత్యదానం మైకు దగ్గరికి లాక్కున్నాడు. ఈ పిల్ల పోతే తనకింకెవరూ వద్దు.

"తప్పైపోయింది మాణిక్యం. చెప్పాల్సిన అర్థం సగం మింగేశాను. ఐగుప్తులో, అదే ఈజిప్టులో, బానిసల్ని అణగదొక్కారన్న మాట కూడా ఆ వేరుదే. ఇంకొకళ్ళు తొక్కితే అది బాధే. తనంతట తాను వంగితేనే వినయం. భూమ్మీద అందరికన్నా సాత్వికుడని మోషేని అన్నది కూడా ఆ 'అనావ్' మాటతోనే. ఆయనే కోపమొచ్చి దేవుడిచ్చిన రాతిపలకలు బద్దలుకొట్టాడు."

"అయితే నాకూ రెండు పలకలు తెచ్చిపెట్టు!"

అతను మైకు వదిలేశాడు. మగాడన్నవాడు ఏనాడూ అడుగుపెట్టని ఆడవాళ్ళవైపు నడిచివచ్చి, ఆమె ముందు నేలమీద కూర్చున్నాడు.

"అమ్మా, ఈ పిల్లకి అణకువ లేదు. నోరుంది, కోపముంది. నీకు అబద్ధం చెప్పాను. నాకీ పిల్లే కావాలి."

అమలమ్మ కొడుకుని చూసింది. కోడల్ని చూసింది. "జరగవే, వాడికి కాస్త చాపియ్యి. నేల చల్లగా ఉంది," అంది.

మాణిక్యం మూతి ముడుచుకునే జరిగింది. "అభ్యంతరం తీసేసుకుంటున్నానండీ అయ్యగారూ. కోపం మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను."

ప్రసంగంలో నిద్రపోయి అప్పుడే లేచిన తిరుపతిరావనే పెద్దాయన మగవాళ్ళవైపు నుంచి చెయ్యెత్తాడు.

"అయ్యగారూ, మరి ఈ అభ్యంతరాన్ని కూడా మూడు ఆదివారాలు చదవాలాండీ?"