భిక్షం విన్న పట్నం పాట

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది, ముసురు పట్టిన ఒక సాయంత్రం, కాలు పెట్టడానికే చోటు లేని మేడ్చల్ పాసింజరులో ఎలీషమ్మ పలకల కట్టతో సహా ఒక గోనెసంచి మీద కూర్చుంది. సంచి ఫట్‌మంది.

"ఏంజేసినవ్ టీచరమ్మా!" ఎదుట నిలబడ్డ యువకుడు గాభరాపడ్డాడు.

"మనిషి కూసునే తాన సంచి పెట్టినోనిదే తప్పు," అంది కాన్వెంటులో నేర్చిన నిటారుతనంతో.

అతను సంచి విప్పాడు. జపాను అక్షరాలున్న గ్రామఫోను రికార్డు, రెండు ముక్కలై ఉంది.

మేడ్చల్ చేరేలోగా సంగతి తెలిసింది. అతని పేరు దానియేలు. నిజాం పటాలంతో సింగపూరు వెళ్ళి, జపానువాళ్ళకు బందీగా చిక్కాడు. కావలివాడు పొద్దుగూకగానే ఆ రికార్డు పెట్టేవాడు. టోక్యో నగరం మీద కట్టిన పాటట. కంచెకు ఇవతల దానియేలు, తోటి సిపాయి దూలపల్లి భిక్షం చెవులు రిక్కించి వినేవారు.

"గది టోక్యో గాదురా, మన పట్నం పత్తర్‌గట్టి బజారు దీపాలు," అనేవాడు భిక్షం. జ్వరమొచ్చి అక్కడే కన్నుమూశాడు. ఓడి వెళ్ళిపోతూ కావలివాడు ఆ రికార్డును దానియేలు చేతిలో పెట్టాడు.

"భిక్షం తల్లి జంగమ్మవ్వకు వినిపిద్దామని తెస్తున్న," అన్నాడు దానియేలు.

ఎలీషమ్మ నిటారుతనం కరిగిపోయింది. "పలగ్గొట్టింది నేను. తిరిగి ఇయ్యాల్సింది నేనే. పాట యాదికున్నదా?"

"కొంచెం."

"ఆదివారం ఆరాధన అయినంక మిషను గుడికి రా. నువ్వు పాడు, నేను హార్మోనియం మీద పట్టుకుంట."

ప్రతి ఆదివారం అతను కూనిరాగం తీసేవాడు. ఆమె వేళ్ళు దాన్ని వెతుక్కునేవి. కిటికీ బయట వాన తాళం తప్పితే ఇద్దరూ నవ్వేవారు. చివరి చరణం దగ్గర మాత్రం ప్రతిసారీ పాట ఆగిపోయేది.

"యాదికొస్తలేదు టీచరమ్మా."

"తలకాయనా, సొరకాయనా అది?"

"వచ్చే ఆదివారం వస్తదేమో!"

ఒకనాడు బడి విడిచాక ఆమె శామీర్‌పేట చెరువు కట్ట మీద వస్తోంది. ముందు దానియేలు సైకిలు నడిపించుకుంటూ, చివరి చరణంతో సహా, తడుముకోకుండా పాడుకుంటున్నాడు.

"దానియేలూ! ఎన్నడు యాదికొచ్చింది?"

సైకిలు చేయి జారింది. "ఎన్నడూ మరువలే. పాట అయిపోతే నిన్ను చూసే సాకు యాడిది?"

ఆమె బుగ్గలు వేడెక్కాయి. మరుక్షణమే కళ్ళు ఎర్రబడ్డాయి. "నీ సంబురానికి కొడుకును పోగొట్టుకున్న తల్లిని ఆగబెట్టినవా? గిదేం న్యాయం? గట్టిగ అడగలేదు గనుక తప్పుల నాకూ పాలున్నది. తక్కిన ముచ్చట తర్వాత. ముందుగాల బండి కట్టు!"

హార్మోనియం ఎడ్లబండెక్కి దూలపల్లి చేరింది. జంగమ్మ వాకిట్లో ఎలీషమ్మ వాయించింది. దానియేలు ఒక్క చరణమూ దాచుకోకుండా పాడాడు.

"గిది ఏ పట్నం పాట బిడ్డా?" అంది జంగమ్మ.

"టోక్యో, అవ్వా," అన్నాడు దానియేలు. "మన భిక్షం మాత్రం పత్తర్‌గట్టి అనెటోడు."

"అంటడు. చిన్నగున్నప్పుడు వాళ్ళ నాయిన భుజాలెక్కి చూసిండు గా దీపాలు. నిద్రల గూడ అవే కలవరించెటోడు." నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "పెండ్లెప్పుడు?"

హార్మోనియం మూయబోతున్న ఎలీషమ్మ ఆగింది. "ఎవరు జెప్పిన్రవ్వా?"

"పాడేటోడు నన్ను జూస్తలేడు గద!"

దానియేలు తీర్పు కోసం ఎలీషమ్మ వైపు బిక్కుబిక్కుమంటూ చూశాడు.

"ఈనకు శిక్ష ఉన్నదవ్వా," అంది ఎలీషమ్మ. "ప్రతి ఆదివారం నీ వాకిట్లకొచ్చి గీ పాట పాడాలె."

"ఒక్కడేనా?"

"ఒక్కడే పాడితే శ్రుతి ఎవరిస్తరు?" అంటూ ఆమె తల వంచుకుని, పాట మళ్ళీ మొదటి నుంచి అందుకుంది.